నల్ల వాగు అవతలి మంద

మార్చి 20

పీవిట్టూ,

దాణా కంపెనీ వాళ్లు ఈ ఏడు కూడా డైరీ నీ పేరు మీదే పంపారు. అట్ట మీద మిస్ లోయిస్ అని బంగారు అక్షరాలు. వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పను. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నా రాత సంగతి నీకు తెలుసు, నవ్వుకుంటే నవ్వుకో.

ఇవాళ పీవిట్ పిట్టలు కొండకి తిరిగొచ్చాయి. దిగువ పొలం మీద గాలిలో పల్టీలు కొడుతూ ఒకటే గోల. నెత్తిన ఆ పిలక అలాగే ఉంది. పుట్టినప్పుడు నీకు సరిగ్గా అలాంటి పిలకే, ఎంత తడిపి దువ్వినా పడుకునేది కాదు, అందుకే నీకా ముద్దుపేరు. మీ నాన్న లేచి వంటింటి కిటికీ మూసేశాడు, చలి అని. చలేం లేదు.

మార్చి 22

మీ నాన్న ఇన్నాళ్లకి నోరు విప్పాడు. విప్పి, సెప్టెంబరు సంతకి గొర్రెల మందని మొత్తం తోలి అమ్మేద్దాం అన్నాడు. నేను రొట్టె కోస్తున్నాను. కోస్తూనే ఉన్నాను. ఆఖరికి రొట్టె అయిపోయింది.

ఆయన బాధ ఆయనది. తాతల నాటి మంద, కొండ అణువణువూ ఎరిగిన మంద, గాలికుంటు ఏడాది సర్కారు మనుషులు వచ్చి తుపాకులతో కాల్చి పారేశారు. మనవాటిలో ఒక్కదానికీ జబ్బు లేదు. సైలస్ కాల్వర్ట్ మందలో కనపడింది, మనది పక్క మంద, అంతే. తర్వాత కొన్నవి వేరే లోయ గొర్రెలు. వాటికి మన కొండ తెలియదు. కొండ మీద కంచె ఉండదు కదా. తల్లి ఏ మేర మేస్తే పిల్ల ఆ మేర మేస్తుంది, దాని పిల్లా అంతే, అలా నేల మరగాలి. మరిగేదాకా ఎవరో ఒకరు రోజూ నడిచి, హద్దు దాటినదాన్ని వెనక్కి మళ్లించాలి. నువ్వు ఏడాది పైన నడిచావు. ఇంకొక్క వేసవి నడిస్తే చాలు అన్నావు. ఇప్పుడు ఎవరు నడుస్తారంటాడు మీ నాన్న.

"నేను" అన్నాను.

"మేడ మెట్లెక్కడానికే నీ మోకాళ్లు ఏడుస్తాయి థర్జా."

"ఏడవనీ. నేను ఏడవడం లేదుగా."

చాలాసేపు టీ కలుపుతూ కూచున్నాడు. తర్వాత ఒక బేరం పెట్టాడు. సెప్టెంబరులో మంద దింపిన రోజు గొర్రెలు మన మేర మీద ఒకచోట ఉంటే ఉంచుదాం, నలుగురి కొండల మీదా చెదిరి ఉంటే సంతకే, ఆ తర్వాత నేను ఒక్క మాట అనకూడదు. సంతలో పెట్టినట్టే అరచెయ్యి చాపాడు. నేనూ సంతలో కొట్టినట్టే కొట్టాను. చెయ్యి మండింది ఇద్దరికీ.

మార్చి 23

నీ బూట్లు వేసుకున్నాను. రెండు జతల మేజోళ్లు వేస్తే సరిపోయాయి. మోస్ మొదట నా వెనకాల చూసింది, నువ్వు వస్తావేమోనని. నీ కుక్క కదా. కాసేపటికి తోక దించి నడిచింది.

కొండ ఇంకా గోధుమ రంగులోనే ఉంది. హెదర్ పొదలు ఎండు చీపుళ్లలా గరగరమంటున్నాయి. అవతలి కొండ మీద ఎస్టేట్ వాళ్లు పాత హెదర్ని పట్టీలు పట్టీలుగా తగలబెడుతున్నారు, కొత్త చిగురు వస్తే కొండకోళ్లకి మేతని. పొగ వాసన నా తలలో పట్టేసింది. దారి పక్క పొద లోంచి కొండకోడి పుంజు లేచి, ఎర్ర కనుబొమలు ఎగరేసి, వెనక్కి పో, వెనక్కి పో, పో, పో అని తిట్టిపోసింది.

నువ్వే పో అన్నాను.

మార్చి 25

గొర్రెలు ఉండకూడని చోట ఉన్నాయి. నల్ల వాగు దాటి, ఎత్తు గట్టు మీద, కాల్వర్ట్ మేర మీద మేస్తున్నాయి. మన మేర వాగుకి ఇవతల, పాత గోడ వైపు. మీ తాత నన్ను పెళ్లయిన కొత్తలో తీసుకెళ్లి గోడ మీద చెయ్యి వేసి మరీ చూపించాడు. ఆ గట్టు ఇప్పుడు ఖాళీగానే ఉంది, కాల్వర్ట్ తర్వాత కొన్న నాలుగు గొర్రెల్నీ కింది పొలంలోనే మేపుకుంటున్నాడు. అయినా సరే. ఆ మనిషి గడ్డిపోచ నాకొద్దు.

నువ్వు దొరికింది కూడా పాత గోడ కిందే, నల్లమట్టి గండిలో. నువ్వు అక్కడ ఉన్నావంటే నీ మంద అక్కడ ఉన్నట్టే. నువ్వు పోయిన ఈ రెండు నెలల్లో అడిగేవాళ్లు లేక గట్టెక్కాయి. నాకు అర్థమైంది. మోస్‌ని పంపి అన్నిటినీ వాగు దాటించి గోడ వైపు తోలాను.

మార్చి 26

మళ్లీ గట్టు మీదే. తోలాను.

మార్చి 27

మళ్లీ.

మార్చి 30

అన్నిటికీ పెద్ద ఒకటుంది. ఒంటికొమ్ముది. రెండో కొమ్ము మొదలు దగ్గర విరిగి నల్లగా గడ్డ కట్టింది, ఈ మధ్యే విరిగినట్టుంది. మిగతావి తోలితే పోతాయి. ఇది పోదు. మోస్‌కి ఎదురు నిలబడి ముందు కాలితో నేల తంతుంది. ఇవాళ దాని వెనక పడి వాగులో మొలలోతు తడిశాను. నువ్వు నాకు బుద్ధి చెప్పేదానివా అన్నాను. అది నెమరేస్తూ చూసింది, మా అత్తగారు చూసినట్టు.

దిగేటప్పుడు గేటు దగ్గర సైలస్ కాల్వర్ట్ ఉన్నాడు. టోపీ తీశాడు. థర్జా, ఆ మంద సంగతి అని ఏదో మొదలుపెట్టాడు. ఆయన గట్టు మీద మేశాయని దెప్పడానికి వచ్చి ఉంటాడు. మోస్‌ని ఉసిగొల్పాను. మోస్ వెళ్లి ఆయన చెయ్యి నాకింది. సిగ్గులేని కుక్క. నేను మాట్లాడకుండా వచ్చేశాను. గాలికుంటు ఏడాది నుంచి ఆ మనిషితో మాట్లాడలేదు, ఇప్పుడు మొదలుపెట్టను.

ఏప్రిల్ 12

ఈనడానికి మందని కింది పొలాలకి దింపాం. మీ నాన్న వచ్చాడు. కొండ వంక చూడకుండా, నేల వంక చూస్తూ గేటు తీశాడు, వేశాడు.

ఏప్రిల్ 24

ఈతలు. రాయడానికి ఓపిక లేదు.

ఏప్రిల్ 29

ఒంటికొమ్ముది ఆడపిల్లని ఈనింది. వానలో, గోడ పక్కన, ఎవరి సాయమూ లేకుండా. దగ్గరికి పోతే నన్నే తన్నబోయింది. పిల్ల లేచి నిలబడి, పడి, లేచి, పొదుగు దొరకబుచ్చుకుంది. తోక ఆడింది. అంతసేపు నేనెందుకు చూశానో తెలియదు.

మే 4

ఆదివారం. చాపెల్ ఆడవాళ్లు కేకు పట్టుకొని వచ్చారు. దేవుడే ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అంది వాళ్లలో పెద్దామె, నా మోకాలు నిమురుతూ. ఇచ్చేముందు తొమ్మిది నెలలు మోసింది నేను, ఆయన కాదు అన్నాను. తీసుకునేముందు నన్ను ఒక మాట అడగాల్సింది అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది.

కేకు బాగుంది. ఎండుద్రాక్ష ఎక్కువ వేశారు. మీ నాన్న చీజ్‌తో రెండు ముక్కలు తిన్నాడు.

మే 27

పిల్లలతో సహా మందని కొండకి వదిలాం. అసలు పని ఇప్పుడే. తల్లి వెంట పిల్ల ఎటు తిరిగితే అదే దాని నేల.

కొండ మారిపోయింది పీవిట్టూ. పాత గోడ వైపు చిత్తడి అంతా దూదిగడ్డి పూసి తెల్లగా ఊగుతోంది. దాని మీద బంగారు వీపు ప్లవర్ పిట్ట ఒకటి నిలబడి ఒకే ఒక్క రాగం తీస్తోంది, ఎవరో పోయినట్టు. విననట్టే పోయాను నేను. గట్టు మీద కర్ల్యూ పిట్టలు. గుడ్లు ఉన్నట్టున్నాయి, మోస్‌ని చూసి పొడుగు ముక్కులు చాచి మీదమీదకి వచ్చాయి. మెచ్చుకున్నాను. అలాగే రావాలి.

మే 28

వదిలిన మర్నాడే అన్నీ గట్టు మీద. ముందు ఒంటికొమ్ముది, వెనక దాని పిల్ల, వాటి వెనక మిగతా సంత. తోలాను.

జూన్ 3

తోలాను.

జూన్ 6

తోలాను. వాన.

జూన్ 9

గోడ వైపు గండిలో ఒక పిల్ల పడి ఉంది. నల్లమట్టి గండ్లు పైకి గడ్డి కప్పుకొని ఉంటాయి కదా, చిన్నవాటికి తెలియదు. నిన్న సాయంత్రం నేను తోలిన వాటిలోదే. నోట్లో మట్టి. నేను ముందే వచ్చి ఉంటే దక్కేది. రేపటి నుంచి ఇంకా పొద్దున్నే వస్తాను.

జూన్ 14

నా అన్నం నీ గండి దగ్గరే తింటున్నాను రోజూ. అన్నమంటే రొట్టె, ఉడికిన గుడ్డు, చల్లారిన టీ. గోడ రాళ్ల మీద ఎండకి పొడపాము చుట్ట చుట్టుకొని పడుకుంటుంది. దాని చోటు దానిది, నా చోటు నాది. గండి ఒడ్డున కొత్త హెదర్ మొలకలు వచ్చాయి, చీమ కాళ్లంత సన్నగా. నువ్వు పడ్డచోట కూడా. వాటిని పీకేద్దామనుకున్నాను. పీకలేదు.

ఇక్కడ నువ్వు ఏం చేస్తున్నావో ఆ రోజు? మంచు పడుతుంటే, నీ బండి పైన ఒడ్డున వదిలేసి, ఈ గండిలోకి ఎందుకు దిగావు? మందని తోలుతూ జారి ఉంటావు. అంతే అయి ఉంటుంది.

జూన్ 17

పిల్లిగద్దలు ఉన్నాయి ఈ ఏడు. ఎస్టేట్ వాళ్లకి చెప్పకు, కొండకోళ్లని తింటాయని చంపేస్తారు. బూడిదరంగు మగది ఏదో పట్టుకొని వచ్చింది, ఆడది హెదర్ లోంచి పైకి లేచి వెల్లకిలా తిరిగి, అది వదిలినదాన్ని గాలిలోనే అందుకుంది. నోరు తెరిచి చూశాను. నువ్వు చిన్నప్పుడు ఇది చూసి ఇంటికి పరిగెత్తుకొచ్చి, పళ్లెంలో రొట్టె పైకి విసిరి పట్టుకోబోయి నా కుండ పగలగొట్టావు.

జూన్ 20

కాల్వర్ట్ మళ్లీ వచ్చాడు. ఈసారి వాగు దాకా ఎక్కి వచ్చాడు, ఆ కుంటికాలుతో. అవతలి ఒడ్డున నిలబడి చేతులు ఊపుతూ అరిచాడు. గాలి అటు కొడుతోంది, ఒక్క ముక్క వినపడలేదు. నేనూ చెయ్యి ఊపాను, పొమ్మని. కాసేపు రాయి మీద కూచుని వెళ్లాడు.

జూన్ 21

మంద మూడుగా చీలింది. కొన్ని నేను తోలినచోటే గోడ దగ్గర ఉంటున్నాయి. మిగతావి గట్టు వదలడం లేదు. ఇంకొన్ని అటూ ఇటూ కాక కొండ వెనక్కి, వేరే వాళ్ల మేరల మీదకి పోతున్నాయి. మీ నాన్న అడిగాడు, ఎలా ఉన్నాయని. బాగా మరుగుతున్నాయి అన్నాను.

జూన్ 29

మోకాలు వాచింది. అయినా వెళ్లాను. ఒంటికొమ్ముది నేను రావడం చూసి, నేను నోరు తెరవకముందే కాలు తన్నింది. ఇంత మొండిదాన్ని నా జన్మలో చూడలేదు.

జూలై 4

ఇవాళ ఉన్ని కత్తిరింపు. చుట్టుపక్కల వాళ్లంతా ఎప్పటిలాగే ఒకరికొకరు సాయం. మందని దొడ్డికి దింపితే, మనవాటిలో ఎన్నో తక్కువ. ఒకరు వెనక కొండ నుంచి ఒక గుంపుని తోలుకొచ్చారు, ఇంకొకరు ఇంకో గుంపుని. మీ నాన్న కత్తెర పట్టుకొని చూస్తూ నిలబడ్డాడు.

ఆఖరున సైలస్ కాల్వర్ట్ వచ్చాడు, ఒంటికొమ్ముదాన్నీ దాని పిల్లనీ తోలుకొని. అందరి ముందూ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"కుక్కని వదిలితే వదులు థర్జా. చెప్పేదాకా పోను" అన్నాడు.

కుక్క అప్పటికే ఆయన కాళ్ల దగ్గర కూచుంది.

"నువ్వు మందని తప్పు వైపు తోలుతున్నావు. గట్టు ఇప్పుడు మీది. లోయిస్ అడిగింది, ఇచ్చాను. గోడ కింద గండ్లలో పిల్లలు చచ్చిపోతున్నాయి సైలస్ బాబాయ్, నీ గట్టు ఖాళీగానే ఉందిగా అంది. నాకా కాలు లేదు, మంద లేదు, ఎందుకు నాకు గట్టు. ఇక మీ మంద వాగుకి గట్టు వైపే, ఇటు నల్ల వాగే హద్దని చేతిలో చెయ్యి వేసుకున్నాం. ఏడాది పొడుగునా ఆ పిల్ల వాటిని గోడ వైపు నుంచి గట్టు వైపు తోలింది. నువ్వు వచ్చి తిరగదోలావు."

దొడ్డిలో కత్తెర్లు ఆగిపోయాయి.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నా పేరెత్తితే మీ ఇంట్లో పళ్లేలు ఎగురుతాయంది. మంద మరిగాక చెబుతాను, అప్పుడు అమ్మ విసిరినా పర్వాలేదు, పని అయిపోయి ఉంటుంది అంది."

నేను అడగాలనుకోలేదు. నోరే అడిగింది. "మరి ఆ రోజు గోడ వైపు ఏం చేస్తోంది?"

ఆయన టోపీ తీశాడు. "మంద గట్టు మీదే ఉంది. ఒక్కటే తప్పిపోయి గండిలో దిగబడింది. ఇదిగో, ఇదే. దాన్ని కొమ్ములు పట్టి లాగింది. అది పైకొచ్చేటప్పుడు కొమ్ము ఊడింది. లోయిస్ వెనక్కి పడింది. కింద రాయి ఉంది. నేను పోయేసరికి గొర్రె ఒడ్డు మీద నిలబడి ఉంది. కొమ్ము ఇంకా లోయిస్ చేతిలోనే ఉంది. నీకు చెబుదామనే అంత్యక్రియల నాడు వచ్చాను. నువ్వు మొహం తిప్పేసుకున్నావు."

జూలై 5

ఇవాళ రాయను.

జూలై 8

నాకు చెప్పలేదు నువ్వు. ఒకే బల్ల మీద తిన్నాం, ఒకే కుండలో టీ తాగాం, ఏడాది పొడుగునా రోజూ సాయంత్రం ఎలా ఉన్నాయే అని అడిగితే, బాగా మరుగుతున్నాయమ్మా అన్నావు. ఎక్కడ మరుగుతున్నాయో చెప్పలేదు. ఆ మనిషిని బాబాయ్ అన్నావు.

నేను పళ్లేలు విసరను. ఒక్కసారి విసిరాను. అది కూడా పగిలినదే.

నేనేమీ తప్పు చేయలేదు. గోడ మీ తాత చూపించాడు. నువ్వు గోడ కింద దొరికావు. ఏ తల్లి అయినా అదే అనుకుంటుంది.

జూలై 9

పగ్గం తీసుకొని కొండెక్కాను. ఒంటికొమ్ముదాన్ని కట్టి దింపి కసాయికి ఇచ్చేద్దామని. ఒక్క గొర్రె కోసం. ఒక్క బుద్ధిలేని గొర్రె కోసం.

గట్టు మీద ఉంది. కత్తిరించాక ఎంత సన్నగా ఉందో. హెదర్ మొగ్గ తొడిగింది, దాని పొట్ట కింద అంతా ఊదా చుక్కలు. పిల్ల దాని చాటుకి పోయింది. నేను దగ్గరికి పోయేకొద్దీ అది కదల్లేదు. మోస్ వంక చూసి ముందు కాలితో నేల తన్నింది. మళ్లీ తన్నింది. నా చేతిలో పగ్గం ఉంది. అది నిలబడే ఉంది, పిల్లని వెనకేసుకొని.

ఇన్నాళ్లూ అది గోడ వైపు పోనంది. దానికి తెలుసు అక్కడ ఏముందో. ఎన్నిసార్లు తోలాను పీవిట్టూ, దాన్ని, పిల్లతో సహా, ఆ గండి వైపుకి.

పగ్గం నడుముకి చుట్టుకొని దిగి వచ్చాను. మీ నాన్న అడిగాడు పగ్గమెందుకని. గాలికి కోటు ఎగురుతోందని కట్టుకున్నాను అన్నాను.

జూలై 10

సైలస్ ఇంటికి వెళ్లాను. లోపలికి పోలేదు. గడప బయటే నిలబడి, వాగు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా హద్దు అని అడిగాను. చెప్పాడు. తోలడం మానేస్తే తిరిగి చేరతాయా అని అడిగాను.

"పెద్దవి చేరతాయి. నువ్వు వాటిని రెండు నెలలే తిప్పావు, ఆ పిల్ల ఏడాది నడిచింది. పిల్లల సంగతి చెప్పలేను" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, "మొదట కొన్నాళ్లు గోడ వైపు ఉన్నవాటిని ఇటు తోలు. ఆ తర్వాత ఇంట్లో కూచో. కూచోగలవా?"

"నాకు చేతకానిది ఏముంది" అన్నాను.

జూలై 26

ఈ పక్షమంతా గోడ నుంచి గట్టుకి తోలాను. నువ్వు తోలినట్టు. నీ దారే అనుకుంటా, వాగు దగ్గర రాళ్లు వరసగా వేసి ఉన్నాయి దాటడానికి. ఇన్నాళ్లూ ఎవరో వేశారనుకున్నాను. అన్నీ నీ చేతులు ఎత్తగలిగినంత రాళ్లే.

బిల్‌బెర్రీలు పండాయి. నోరు నల్లగా చేసుకొని వచ్చాను.

ఆగస్టు 1

ఇవాళ్టి నుంచి వెళ్లను.

ఆగస్టు 2

వెళ్లలేదు.

ఆగస్టు 5

నడవడం కంటే కష్టం ఇది. మూడుసార్లు బూట్లు వేసుకున్నాను. మోస్ మూడుసార్లు లేచింది. మోకాలు నయమైంది, ఇప్పుడు దానికి పని లేదు.

ఆగస్టు 14

కొండంతా పూసింది. ఈ చివర నుంచి ఆ చివరకి ఊదారంగు. తేనెటీగల పెట్టెలు తెచ్చి గోడ వెంట పెట్టారు పట్నం వాళ్లు. గాలి ఇటు వీస్తే వంటిల్లంతా తేనె వాసన. కొండకోళ్ల వేటకి ఎస్టేట్ వాళ్ల తుపాకులు పొద్దున్నుంచీ. ప్రతి పేలుడుకీ మీ నాన్న భుజాలు ఎగిరిపడుతున్నాయి. గాలికుంటు ఏడాది మొదలు ఆయనకి అంతే. నేను వెళ్లి పక్కన కూచున్నాను.

"ఏమిటి?" అన్నాడు.

"ఏం లేదు. కూచోకూడదా?" అన్నాను.

గట్టు సంగతి చెప్పాను ఆయనకి అప్పుడు. సైలస్ దొడ్డిలో అన్నది ఆయనా విన్నాడు, కాని మేమిద్దరం నీ పేరు ఎత్తలేదు ఇంతవరకు. ఆయన విని, ఆ పిల్ల మా నాన్న గీతని మార్చేసిందా అన్నాడు. కోపమనుకున్నాను. కాదు. నవ్వుతున్నాడు. నువ్వు పోయాక మొదటిసారి. మా నాన్న ఉంటే చెవి మెలేసేవాడు అన్నాడు. తర్వాత లేచి దొడ్డిలోకి వెళ్లిపోయాడు, చాలాసేపు రాలేదు.

సెప్టెంబరు 2

హెదర్ వాడుతోంది. వెళ్లలేదు.

సెప్టెంబరు 19

రేపు దింపుతాం. పొగమంచు. ఏమైనా కానీ. చెదిరి ఉంటే ఉండనీ, మీ నాన్న చేతికి చెయ్యి ఇచ్చాను, మాట తప్పను. కాని ఒకటి రాసి పెట్టుకో. సంతలో వాటిని అమ్మితే, ఆ డబ్బుతో మళ్లీ గొర్రెల్నే కొంటాను, మళ్లీ మొదటి నుంచి నడుస్తాను. బేరంలో అది లేదు. ఆయనకి ఇంకా చెప్పలేదు.

సెప్టెంబరు 20

పొద్దున్నే పొగమంచులో ఎక్కాం. మీ నాన్న కూడా. తల ఎత్తే ఎక్కాడు. సైలస్ గట్టు చివర, మేమిద్దరం వాగు దగ్గర, పక్క కొండల వాళ్లు వాళ్ల వాళ్ల చోట్ల. ఏమీ కనపడదు. కొండకోళ్లు ఎక్కడో తిడుతున్నాయి. మోస్‌ని పంపాను. తెల్లగా ఉన్నదాంట్లోకి నల్లగా పోయింది, మాయమైంది. నిలబడ్డాం. మీ నాన్న ముక్కు చీదాడు.

ముందు శబ్దం వచ్చింది. గిట్టలు, హెదర్ని రాసుకుంటూ. తర్వాత ఒక తల. తర్వాత తలలే తలలు. గట్టు మీద నుంచి, వాగు వెంట, ఒకే దారంలా దిగాయి. మా వీపుల వెనక గోడ వైపు నుంచి ఒక్కటీ రాలేదు. మీ నాన్న పెదవులు కదుపుతూ లెక్క పెడుతూ, మధ్యలో తప్పి, మానేశాడు.

అన్నీ లేవు. అబద్ధం ఎందుకు. ఒక గుంపు, ఎక్కువగా ఈ ఏటి పిల్లలు, వెనక కొండ మీద దొరికాయి. నేను అటూ ఇటూ తోలినవే. వాటికి ఏ నేలా పట్టలేదు. అవి సంతకి పోతాయి. వాటి వంక చూడటం నాకు కష్టమైంది, అయినా ఒక్కొక్కదాన్నీ చూశాను.

దొడ్డిలో మీ నాన్న గేటుకి ఆనుకొని చాలాసేపు నిలబడ్డాడు. సైలస్ కూడా. ఎవరూ బేరం మాట ఎత్తలేదు. అప్పుడు మీ నాన్న కొట్టంలోకి వెళ్లి ఎర్రరంగు డబ్బా, ముద్ర ఇనుము తెచ్చాడు. ఉంచుకునేవాటికి తప్ప ముద్ర వెయ్యం కదా. మొదటి గొర్రెని పట్టుకొని, ఎడం తుంటి మీద మన గీత గీశాడు.

"పట్టుకో థర్జా, చూస్తావేం" అన్నాడు.

పట్టుకున్నాను. పొద్దు వాలేదాకా పట్టుకున్నాను.

సెప్టెంబరు 21

చేతులకి రంగు పోలేదు. ఇవాళ ఆదివారం, చాపెల్‌కి ఎర్ర చేతులతోనే వెళ్లాను. చూసినవాళ్లు చూశారు.

మధ్యాహ్నం సైలస్‌ని భోజనానికి పిలిచాను. గొర్రెమాంసం, బంగాళాదుంపలు, ఆకుకూర, రూబార్బ్ తీపి. ఆయన గడప దగ్గర ఆగి పళ్లేల వంక చూశాడు. అన్నీ బల్ల మీదే ఉన్నాయిలే రా అన్నాను. ముగ్గురమూ తిన్నాం. మీ నాన్న రెండోసారి పెట్టించుకున్నాడు. సైలస్ మూడోసారి. నీ గురించి మాట్లాడుకున్నాం, మూడు నోళ్లతోనూ, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ. వచ్చే ఏడు వాగు దగ్గర రాళ్లు ఇంకో రెండు వెయ్యాలి, వరదకి కదిలాయి. నేను వేస్తాను.

మంద నిన్ననే కొండకి వదిలాం. పొద్దున్న చూస్తే గట్టు మీద ఉన్నాయి. చలి మొదలవుతోంది. భోజనాల దగ్గర నీకని నాలుగో పళ్లెం కూడా పెట్టాను నేను. పోయినవాళ్లకి తిండేమిటని ఎవరైనా అంటే అననీ. నువ్వు పని మీద పడితే తిండి మానేసేదానివి, నాకు తెలుసు. వేళకి తిను తల్లీ. కడుపునిండా తిను.